పొడపత్రి: తీపిని మాయం చేసే ఆకు షుగర్‌నూ దించుతుందా?

పొడపత్రి ఆకు ఒకటి నోట్లో వేసుకుని రెండు నిమిషాలు నమిలి ఉమ్మేసి, ఆ తర్వాత చెంచాడు పంచదార తింటే ఇసుక నమిలినట్టు ఉంటుంది. తీపి తెలియదు. బెల్లం తిన్నా, లడ్డూ తిన్నా అంతే. అరగంట నుంచి గంట వరకు ఈ పరిస్థితి ఉండి, తర్వాత నాలుక మామూలు స్థితికి వస్తుంది. పులుపు, ఉప్పు, కారం మాత్రం ఈ సమయంలోనూ తెలుస్తూనే ఉంటాయి.

హిందీలో ఈ మొక్కను గుడ్‌మార్ అంటారు. బెల్లాన్ని చంపేది అని అర్థం. సంస్కృతంలో మధునాశిని, మలయాళంలో చక్కరక్కొల్లి. ఇవన్నీ దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. నాలుక మీద తీపిని చంపే ఆకు ఒంట్లో తీపిని కూడా చంపుతుందన్న నమ్మకం ఆ పేర్లతోపాటే తరతరాలుగా వస్తోంది.

ఇప్పుడు ఆ నమ్మకం పెద్ద వ్యాపారంగా మారింది. పొడపత్రి పొడి, మాత్రలు, క్యాప్సూళ్లు, టీ పొట్లాలు ఆయుర్వేద దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగి 2023లో ప్రచురితమైన ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహంతో ఉన్నారు. మరో 13.6 కోట్ల మంది దాని అంచున, అంటే ప్రీడయాబెటిస్ దశలో ఉన్నారు. ఇంతమందిలో కొద్ది శాతం మంది ఆకు పొడిని నమ్ముకుని వాడుతున్న మందు ఆపేసినా జరిగే నష్టం చిన్నది కాదు. మరోవైపు ఆ ఆకులో నిజంగా మందు గుణం ఉంటే దాన్ని పట్టించుకోకపోవడమూ నష్టమే. అందుకే పొడపత్రి గురించి ఇప్పటివరకు ఏం తేలిందో, ఏం తేలలేదో విడివిడిగా చూడాలి.

ఏ మొక్క ఇది?

పొడపత్రి శాస్త్రీయ నామం జిమ్నెమా సిల్వెస్ట్రె. జిల్లేడు, గన్నేరు మొక్కల కుటుంబానికి చెందిన తీగ. చెట్లకు చుట్టుకుని పైకి పాకుతుంది. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, లేత భాగాల మీద సన్నని నూగు ఉంటుంది. పూలు చిన్నవి, పసుపు రంగువి. మధ్య భారతం, దక్కన్, తూర్పు, పశ్చిమ కనుమల అడవుల్లో పెరుగుతుంది. తెలుగు ప్రాంతంలో తూర్పు కనుమల పొడి అడవుల్లో కనిపిస్తుంది. శ్రీలంకలోనూ, ఆఫ్రికాలోని ఉష్ణ ప్రాంతాల్లోనూ ఉంది. శ్రీలంకలో దీన్ని మస్బెద్ద అంటారు, ఆకులను గంజిలో వేసి కాచుకుని తాగుతారు. తమిళంలో సిరుకురింజాన్.

ఆయుర్వేద గ్రంథాల్లోని మేషశృంగి ఇదేనని ఎక్కువమంది వైద్యులు చెబుతారు. జంటగా కాసే కాయలు పొట్టేలు కొమ్ముల్లా ఉంటాయి కాబట్టి ఆ పేరు. అయితే కొన్ని ప్రాంతాల్లో మేషశృంగి పేరుతో పూర్తిగా వేరే చెట్టును కూడా వాడారు. పాత గ్రంథంలో పేరు కనిపించినంత మాత్రాన అది మన పెరట్లోని మొక్కేనని అనుకోవడానికి లేదు.

పేర్ల గందరగోళం ఇప్పుడూ ఉంది. నర్సరీల్లో ఇన్సులిన్ మొక్క పేరుతో అమ్మేది పొడపత్రి కాదు. అది కాస్టస్ జాతి మొక్క. కాండం చుట్టూ మెలిక తిరిగినట్టు ఆకులు వేస్తుంది. దానికీ పొడపత్రికీ చుట్టరికం లేదు, ఒకదాని మీద జరిగిన పరిశోధన రెండోదానికి వర్తించదు.

నాలుక మీద ఏం జరుగుతుంది?

తీపిని మాయం చేసే గుణం 19వ శతాబ్దంలోనే బ్రిటిష్ వారి దృష్టికి వచ్చింది. ఎడ్జ్‌వర్త్ అనే అధికారి ఆకు నమిలిన తర్వాత తన టీలో పంచదార రుచి తెలియలేదని గమనించాడని చెబుతారు. 1887లో ఉదకమండలంలో ప్రభుత్వ రసాయన నిపుణుడిగా ఉన్న డేవిడ్ హూపర్ ఈ ఆకుల నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి దానికి జిమ్నెమిక్ యాసిడ్ అని పేరు పెట్టాడు. అది ఒకే రసాయనం కాదని, ఒకే రకం నిర్మాణమున్న సాపోనిన్ల గుంపు అని తర్వాత తేలింది. కుంకుడుకాయలో నురగ తెప్పించేవి కూడా సాపోనిన్లే.

మన నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకం రెండు ప్రోటీన్ల జంట. జిమ్నెమిక్ యాసిడ్లు అందులో ఒకదానికి అతుక్కుని గ్రాహకాన్ని కొంతసేపు మూసేస్తాయని 2014లో జపాన్ శాస్త్రవేత్తలు వివరించారు. గ్రాహకం మూసుకుపోయాక పంచదార వచ్చినా, సాకరిన్ లాంటి కృత్రిమ తీపి వచ్చినా మెదడుకు కబురు వెళ్లదు. ఈ ప్రభావం మనుషుల్లోనూ చింపాంజీల్లోనూ కనిపిస్తుంది. ఎలుకల్లో జిమ్నెమిక్ యాసిడ్లు ఇలా పనిచేయవు.

పొడపత్రి గురించి ఖాయంగా తేలిన విషయం ఇదొక్కటే. దీనికి కొంత ప్రయోజనం కూడా ఉంది. జిమ్నెమిక్ యాసిడ్ ఉన్న బిళ్ల చప్పరించినవాళ్లు ఆ వెంటనే మిఠాయి తక్కువ తిన్నారని అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో తేలింది. తీపి తెలియనప్పుడు తినాలన్న కోరికా తగ్గుతుంది. కానీ ఇది నోటికి సంబంధించిన సంగతి. క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేసేవారికి ఈ లాభం ఉండదు. ఆకు నమిలి తీపి తెలియకుండా చేసుకుని గ్లాసెడు చెరకు రసం తాగితే, ఆ చక్కెర మామూలుగానే కడుపులోకి వెళ్తుంది.

ఒంట్లో ఎలా పనిచేయవచ్చు?

రక్తంలో చక్కెర తగ్గడానికి పరిశోధకులు ప్రధానంగా రెండు దారులు ప్రతిపాదించారు.

మొదటిది పేగు. మనం తిన్న పిండి పదార్థం గ్లూకోజుగా మారి పేగు గోడలోని ప్రత్యేక ద్వారాల గుండా రక్తంలోకి వెళ్తుంది. జిమ్నెమిక్ యాసిడ్లు అక్కడ అడ్డుపడి గ్లూకోజు లోపలికి వెళ్లే వేగాన్ని తగ్గిస్తాయని జంతువుల మీద ప్రయోగాలు సూచిస్తున్నాయి. ఇది నిజమైతే భోజనం తర్వాత షుగర్ ఒక్కసారిగా పెరగకుండా ఉంటుంది.

రెండోది క్లోమం. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల నుంచి ఇన్సులిన్ విడుదలను ఆకు సారం పెంచుతుందని ప్రయోగశాలల్లో కనిపించింది. ఇక్కడొక చిక్కు ఉంది. 1999లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, ఒక రకం సారం కణాల పైపొరను లీకయ్యేలా చేయడం వల్లే ఇన్సులిన్ బయటకు వచ్చింది. గాజు పాత్రలోని కణాల నుంచి అలా కారిపోయిన ఇన్సులిన్‌ను మందు గుణం అనలేం. వేరే పద్ధతిలో తీసిన సారంతో లండన్ కింగ్స్ కాలేజ్ పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో కణాలు దెబ్బతినకుండానే ఇన్సులిన్ పెరిగింది. ఆ సారాన్ని రోజుకు 1 గ్రాము చొప్పున 60 రోజులు కొద్దిమంది టైప్-2 రోగులకు ఇచ్చినప్పుడు ఇన్సులిన్, సి-పెప్టైడ్ స్థాయులు పెరిగి షుగర్ తగ్గింది. ఆ ఫలితాలు 2010లో వచ్చాయి.

చనిపోయిన బీటా కణాలు మళ్లీ పుడతాయన్న ప్రచారానికి మూలం కూడా 1990 నాటి ఎలుకల ప్రయోగమే. రసాయనంతో క్లోమాన్ని దెబ్బతీసిన ఎలుకల్లో పొడపత్రి సారం ఇచ్చాక కణాల సంఖ్య పెరిగింది. మనుషుల్లో అలా జరుగుతుందని ఎవరూ నిరూపించలేదు. అమ్మకందారుల ప్రకటనల్లో మాత్రం ఎలుకల ప్రస్తావన ఉండదు.

మనుషుల మీద ప్రయోగాలు ఏం చెప్పాయి?

భారత్‌లో దీనిపై ఆధునిక పరిశోధన పాతదే. 1930లో మ్హాస్కర్, కాయస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ మొక్క మీద సవివరమైన నివేదిక ప్రచురించారు. ఇప్పటికీ అందరూ ఉటంకించేవి మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లో ప్రచురించిన రెండు అధ్యయనాలు.

ఒకదాంట్లో ఇన్సులిన్ మీద ఆధారపడిన 27 మంది రోగులకు జీఎస్4 అనే సారాన్ని రోజుకు 400 మిల్లీగ్రాములు ఇచ్చారు. వారికి కావాల్సిన ఇన్సులిన్ మోతాదు తగ్గింది, పరగడుపు షుగర్ తగ్గింది. రెండో దాంట్లో మాత్రలు వాడుతున్న 22 మంది టైప్-2 రోగులకు అదే సారాన్ని మాత్రలతోపాటు 18 నుంచి 20 నెలలు ఇచ్చారు. షుగర్ తగ్గి మాత్రల మోతాదు తగ్గించగలిగారు. ఐదుగురు మాత్రలు పూర్తిగా ఆపగలిగారు.

‘పొడపత్రితో మందులు మానేయొచ్చు’ అన్న ప్రచారానికి ఆ ఐదుగురే ఆధారం. మిగిలిన 17 మందికి మాత్రలు కొనసాగించాల్సి వచ్చిందన్న సంగతి ప్రచారంలో కనిపించదు. పైగా ఆ అధ్యయనాల్లో రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చలేదు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా చూడలేదు. ఏడాదిన్నర పాటు పరిశోధకుల దగ్గరికి వచ్చి పరీక్షలు చేయించుకునే రోగి తిండి విషయంలోనూ జాగ్రత్తపడతాడు. తగ్గిన షుగర్‌లో ఆకు వాటా ఎంత, జాగ్రత్త వాటా ఎంత అన్నది అలాంటి పోలిక లేకుండా తేల్చలేం.

ఆ పోలిక ఉన్న ప్రయోగాలు తర్వాత మెక్సికోలో జరిగాయి. 2017లో మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్న 24 మందిపై చేసినదాంట్లో 12 వారాల తర్వాత బరువు తగ్గింది కానీ ఇన్సులిన్ విడుదలలో, దాని పనితీరులో మార్పు కనిపించలేదు. 2021లో ప్రీడయాబెటిస్ దశలోని 30 మందిపై చేసినదాంట్లో గ్లూకోజు తాగించిన రెండు గంటల తర్వాతి షుగర్, హెచ్‌బీఏ1సీ రెండూ తగ్గాయి. ఒకే మోతాదు, ఒకే వ్యవధి, రెండు రకాల ఫలితాలు.

అదే ఏడాది 10 అధ్యయనాలను, మొత్తం 419 మంది రోగుల వివరాలను కలిపి చేసిన విశ్లేషణ వచ్చింది. పరగడుపు షుగర్, భోజనం తర్వాతి షుగర్, హెచ్‌బీఏ1సీ మూడూ తగ్గినట్టు అది తేల్చింది. ఇది ఆశ కలిగించే ఫలితమే. కానీ ఆ అధ్యయనాలు చిన్నవి, ఒకదానితో ఒకటి పొంతన లేనివి. 10 అధ్యయనాలు కలిసినా 419 మందే అయ్యారంటే సగటున ఒక్కోదాంట్లో 42 మంది. ఒక కొత్త షుగర్ మాత్ర మార్కెట్లోకి రావాలంటే వేలమంది మీద పరీక్షించాలి.

అంకె తగ్గితే సరిపోతుందా?

షుగర్ మందు అసలు పని గ్లూకోమీటర్ మీద అంకె దించడంతో ముగియదు. కళ్లు, కిడ్నీలు, గుండె, కాళ్ల నరాలు పాడవకుండా చూడాలి. అది తేలాలంటే ఏళ్ల తరబడి వేలమందిని గమనించాలి.

ఈ విషయంలో మెట్‌ఫార్మిన్ కథ తెలుసుకోదగ్గది. అది కూడా మొక్క దగ్గర మొదలైన మందే. ఐరోపాలో గలేగా అనే మొక్కను నాటువైద్యంలో వాడేవారు. అందులో షుగర్ తగ్గించే పదార్థం ఉందని తెలిశాక, నేరుగా వాడితే విషతుల్యమని కూడా తెలిసింది. దాని పోలికతోనే తయారైన మెట్‌ఫార్మిన్‌ను 1922లో ప్రయోగశాలలో సృష్టించారు. ఫ్రెంచ్ వైద్యుడు జాన్ స్టెర్న్ 1957లో రోగులపై ఫలితాలు ప్రచురించాడు. అధిక బరువున్న మధుమేహ రోగుల్లో గుండెపోటు, మరణాలు అది తగ్గిస్తుందని బ్రిటన్‌లో జరిగిన సుదీర్ఘ అధ్యయనం 1998లో తేల్చింది. మొక్క నుంచి నమ్మదగిన మాత్రకు అంత కాలం పట్టింది. పొడపత్రి ఈ దారిలో ఇంకా మొదటి మలుపుల్లోనే ఉంది. అది కిడ్నీని కాపాడుతుందా, గుండెపోటును ఆపుతుందా అన్న ప్రశ్నలతో మనుషుల మీద పెద్ద అధ్యయనం జరగలేదు.

సీసాలో ఏముంది?

మరో సమస్య నాణ్యత. ప్రయోగాల్లో వాడింది నిర్దిష్ట పద్ధతిలో తీసిన సారం. దుకాణంలో దొరికేది ఎక్కువగా ఎండబెట్టిన ఆకుల పొడి. 400 మిల్లీగ్రాముల సారం, 400 మిల్లీగ్రాముల పొడి ఒకటి కావు. సారాల్లోనూ జిమ్నెమిక్ యాసిడ్లు ఒక్కో కంపెనీ దాంట్లో ఒక్కో శాతం ఉంటాయి. ఆకు ఏ అడవిది, ఏ కాలంలో కోశారు, ఎలా ఆరబెట్టారు అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. జాతీయ ఔషధ మొక్కల బోర్డు తన ప్రాధాన్య మొక్కల జాబితాలో పొడపత్రిని చేర్చింది. సాగు పెరిగితే ఒకే నాణ్యత సాధ్యమవుతుంది, అడవి మీద భారమూ తగ్గుతుంది.

కల్తీ భయం వేరే ఉంది. ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించిన అమెరికా పరిశోధకులు వాటిలో ఐదోవంతుకు పైగా సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనుగొన్నట్టు 2008లో ప్రకటించారు. మూలికా మందు పేరుతో అల్లోపతి షుగర్ మాత్రల పొడి కలిపి అమ్మిన ఉదంతాలూ వివిధ దేశాల్లో బయటపడ్డాయి. అలాంటి పొడి వాడినప్పుడు షుగర్ వేగంగా తగ్గుతుంది. రోగి ఆ ఘనత ఆకుకు ఇస్తాడు.

పొడపత్రి ప్రభుత్వ సంస్థల మందుల్లోనూ ఉంది. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి రూపొందించిన ఆయుష్-82లో కాకర, నేరేడు, మామిడి, శిలాజిత్తుతోపాటు ఇదీ ఒక భాగం. సీఎస్‌ఐఆర్‌కు చెందిన లక్నో ప్రయోగశాలలు తయారుచేయగా 2015లో మార్కెట్లోకి వచ్చిన బీజీఆర్-34లోనూ ఉంది. ఇలాంటి మిశ్రమాల ఫలితాన్ని ఒక్క పొడపత్రికి అంటగట్టడం కుదరదు.

చట్టం విషయానికొస్తే, ఆయుర్వేద మందుకు లైసెన్సు ఇచ్చేముందు కొత్త అల్లోపతి మందుకు అడిగినట్టు పలు దశల ప్రయోగాలు అడగరు. ఆహార సప్లిమెంట్‌గా అమ్మితే ఆహార భద్రతా సంస్థ 2016 నిబంధనల కింద వస్తుంది, రోగం నయం చేస్తుందని చెప్పుకోవడానికి వీల్లేదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో మధుమేహం ఉంది. అంటే షుగర్‌ను నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. ఆ చట్టం ఎంత బాగా అమలవుతోందో వాట్సాప్ తెరిస్తే తెలుస్తుంది.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

ఆకే కదా, ఏమవుతుందిలే అన్న ధీమా పనికిరాదు. పొడపత్రి వాడిన ఒక రోగికి కాలేయం దెబ్బతిన్న కేసును 2010లో వైద్య పత్రిక ఒకటి ప్రచురించింది. అలాంటివి అరుదు. ఎక్కువమందికి ఎదురయ్యే ప్రమాదం షుగర్ పడిపోవడం.

గ్లైమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు లేదా ఇన్సులిన్ వాడుతున్నవారు దీన్ని కూడా తీసుకుంటే రెండూ కలిసి షుగర్ 70 కంటే కిందికి వెళ్లొచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక దాని లక్షణాలు. వయసు పైబడినవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇది మరింత ప్రమాదం. అప్పుడు వెంటనే గ్లూకోజు లేదా పంచదార నీళ్లు ఇవ్వాలి. అప్పటికే ఆకు నమిలి ఉంటే ఆ నీళ్లు తీయగా అనిపించవు. అయినా తాగించాలి, పనిచేసేది రుచి కాదు, చక్కెర. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

టైప్-1 రోగులు ఏ ఆకునూ నమ్ముకుని ఇన్సులిన్ ఆపకూడదు. ఆపితే కొద్ది రోజుల్లోనే రక్తంలో కీటోన్లు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లల విషయంలో ఇది సురక్షితమని చెప్పడానికి తగిన పరిశోధన లేదు. ఆపరేషన్ ఉన్నవారు కనీసం రెండు వారాల ముందే ఆపాలని వైద్యులు సూచిస్తారు.

వాడాలనుకునేవారు డాక్టర్‌కు చెప్పి మొదలుపెట్టడం మొదటి నియమం. చాలామంది తిడతారన్న భయంతో చెప్పరు. అక్కడే ప్రమాదం మొదలవుతుంది. తెలిస్తే డాక్టర్ మాత్ర మోతాదు సరిచూస్తారు, కాలేయ పరీక్ష రాస్తారు. మొదటి వారాల్లో గ్లూకోమీటర్‌తో తరచూ చూసుకోవాలి. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ చేయిస్తే ఫలితం ఉందో లేదో అంకెల్లో తెలుస్తుంది. ఆ అంకె కదలకపోతే డబ్బు వృథా అన్నట్టే. కదిలినా, మాత్ర తగ్గించాలా వద్దా అన్న నిర్ణయం డాక్టర్‌దే.

పొడపత్రిలో ఏదో ఉందని నూరేళ్ల పరిశోధన చెబుతోంది. ఆ ఉన్నదేమిటో, ఎంత మోతాదులో, ఎవరికి, ఎన్నాళ్లు ఇస్తే మేలో చెప్పగలిగే పెద్ద ప్రయోగం మాత్రం ఈ మొక్క పుట్టిన దేశంలోనూ ఇంకా జరగలేదు. పది కోట్ల మంది రోగులున్న దేశానికి అలాంటి ప్రయోగం నిర్వహించడం అసాధ్యమేమీ కాదు. అది జరిగేవరకు పొడపత్రి స్థానం మాత్ర పక్కనే, అదీ డాక్టర్‌కు తెలిసి. మాత్ర స్థానంలో కాదు.